అద్దెకున్నవారు ఖాళీ చేయకముందే ఇల్లు చూపించడం: మహమ్మారి వేళ పాటించవలసిన పద్ధతి

తాళం చేతికిచ్చే రోజు వరకు ఇల్లు అందులో కాపురమున్న కుటుంబానిదే. అద్దె సరిగా చెల్లిస్తున్నంత కాలం ఆటంకం లేకుండా ఇంట్లో ఉండే హక్కును 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ వారికి ఇస్తోంది. కోవిడ్ వంటి జబ్బు ప్రబలినప్పుడు దీనికి ప్రాణభయం కూడా తోడవుతుంది కాబట్టి, వారు ఒప్పుకున్న రోజున, ఒప్పుకున్న వేళకే ఎవరినైనా గుమ్మం ఎక్కించాలి.

లోపలికి వచ్చేవారి సంఖ్యను తగ్గించడమే అన్నిటికన్నా మేలైన జాగ్రత్త. మన గోదావరి డెల్టాలో ఇల్లు వెతికేవారు అడిగే సంగతుల్లో చాలావాటికి ఇంట్లో అడుగుపెట్టనక్కరలేదు: సింహద్వారం ఏ దిక్కున ఉంది, వంటగది ఆగ్నేయంలో ఉందా, బోరు నీరు ఉప్పగా ఉంటుందా, వేసవిలో కాలువలు కట్టేశాక కుళాయి ఎంతసేపు వస్తుంది, వానాకాలంలో వీధిలో నీరు నిలుస్తుందా. దిక్కులు గుర్తించిన గీతపటాన్ని, అద్దెకున్నవారి అనుమతితో వారి ఫొటోలు, విలువైన సామాను కనపడకుండా తీసిన వీడియోను వాట్సాప్‌లో పంపి, ఈ సంగతులన్నీ ఫోనులోనే ఉన్నదున్నట్టు చెబితే, వాస్తు కుదరనివారు, నీరు నచ్చనివారు అక్కడే ఆగిపోతారు. ఉప్పునీటి సంగతి దాచి పదిమందిని ఇంట్లో తిప్పడం ఆ ఇంటి పెద్దలకు చేసే అపకారం.

ఆషాఢంలో ఇల్లు మారడానికి చాలామంది ఇష్టపడరు కనుక, శ్రావణంలో చేరాలనుకునేవారంతా ఒక్కసారే ఫోన్లు చేయవచ్చు. అయినా ఒక్కో కుటుంబానికి వేరే సమయమిచ్చి, మధ్యలో అరగంట వదలాలి. ఇద్దరికి మించి రావద్దని, జ్వరమో దగ్గో ఉన్నా, ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వచ్చినా రావద్దని ముందే చెప్పాలి. వైరస్ మూసిన గదుల గాలిలో నిలిచి ఉండగలదు కాబట్టి కిటికీలు, పెరటి తలుపు ముందుగానే తెరిపించాలి. గది తలుపులు తీసి, లైట్లు వేసి ఉంచితే వచ్చినవారు దేనినీ ముట్టుకోవలసిన పని ఉండదు. వచ్చినవారు బయటి కుళాయి దగ్గర సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుని, ముక్కు కూడా కప్పేలా మాస్కు పెట్టుకుని లోపలికి రావాలి. పది నిమిషాలు చాలు. ఆ సేపు అద్దెకున్నవారు మేడ మీదనో పెరట్లోనో ఉండవచ్చు. మంచం దిగలేని వృద్ధులుంటే ఆ గదిని వీడియోలోనే చూపాలి. అద్దె, అడ్వాన్సు మాటలు వీధి అరుగు దగ్గరే జరగాలి.

అద్దెకున్నవారికే జబ్బు చేస్తే, వారు కోలుకుని ఐసొలేషన్ గడువు ముగిసే వరకు, ఒక నెల అద్దె పోయినా సరే, ఇల్లు చూపడం పూర్తిగా ఆపాలి.

చూసినవారు వెళ్లాక గడియలు, స్విచ్చులు తుడిచి, కిటికీలు మరికాసేపు తెరిచి ఉంచి, ఆ తరువాతే కుటుంబాన్ని లోపలికి పిలవాలి.