బతుకమ్మ, దసరాకు లైట్లు కట్టేముందు

నిరుటి సీరియల్ లైట్ల దండలు అటక మీంచి దించుతున్నారా?

– ఇనుప గేటుకు, రేకులకు, బట్టల తీగకు దండ చుట్టొద్దు. పొర లేచిన వైరు ఒక్కచోట తగిలితే గేటంతా కరెంటే. నల్లగొండలో మా ఇంట్లనే నిరుడు తీగ ముట్టుకుంటే ఝిల్లుమన్నది. చూస్తే, ఎలుక కొరికిన చోట వెంట్రుకంత రాగి మెరుస్తున్నది.

– బల్బు మార్చాలంటే ప్లగ్గే పీకండి. స్విచ్ ఫేజ్‌కు (కరెంటు వచ్చే వైరు) కాక న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి పోయే వైరు) పెట్టి ఉంటే, ఆపినా దండలో కరెంటు ఉంటది.

– లోపముందని కంపెనీ వెనక్కి పిలిచిన సరుకైతే "ఒక్కసారి వెలిగించి చూద్దాం" అనొద్దు. బిల్లు పట్టుకొని దుకాణానికి పోండి. వినకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

– కొత్తది కొంటే డబ్బా మీది ఆర్-నంబరు (బీఐఎస్ అనే కేంద్ర ప్రమాణాల సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి.

– 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కండి. స్విచ్ పడకుంటే అది ఉన్నా లేనట్టే. షాకు ఎంసీబీతో (లోడు ఎక్కువైనా, షార్టైనా పడే స్విచ్) ఆగదు.