విలీనాలను చదవడం – 4వ పాఠం: కొనేవాడి బలం

పోయిన పాఠంలో అమ్మేవాళ్ల ఒక్కో మార్కెట్ వాటాను దానితోనే గుణించి, అన్నీ కూడి, హెచ్‌హెచ్‌ఐ తీశాం. మార్కెట్ ఎంత కొద్దిమంది చేతుల్లో ఉందో చెప్పే సూచీ ఇది. ఈసారి విలీనాన్ని కొనుగోలు వైపు నుంచి చూద్దాం. రెండు ఆయిల్ కంపెనీలు కలుస్తున్నాయనగానే పెట్రోలు ధర పెరుగుతుందేమోనని అందరికీ టెన్షన్. ఆ కంపెనీలు కొనేవాళ్లు కూడానన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

నమూనాకు అలాస్కాను తీసుకుందాం. 1999 ఏప్రిల్‌లో బ్రిటిష్ ఆయిల్ కంపెనీ బీపీ, అమెరికా ఆయిల్ కంపెనీ ఆర్కోను కొంటానని ప్రకటించింది. అలాస్కా ఉత్తర కొసన ఉన్న నార్త్ స్లోప్ ప్రాంతపు ముడిచమురులో బీపీది 44 శాతం, ఆర్కోది 30. పోయిన పాఠం పద్ధతిలో కడితే హెచ్‌హెచ్‌ఐ పెరుగుదల 2×44×30, అంటే 2640. అప్పటి అమెరికా విలీన మార్గదర్శకాల్లో, సూచీ 1800 దాటిన మార్కెట్లో పెరుగుదల 50 మించితే అనుమానించేవారు, 100 మించితే పోటీకి హానేనని ముందుగా భావించేవారు.

ఇక్కడ ఆగండి. ఈ 2640 అమ్మకం వైపు లెక్క. మొదట్లో నేనూ దీన్నే కొనుగోలు వైపు అతికించి తప్పులో కాలేశాను. అసలు అడగాల్సింది ఇది: ఈ ఇద్దరూ ఎవరి దగ్గర, ఏం కొంటున్నారు?

నార్త్ స్లోప్‌లోని ప్రూడో బే దగ్గర చమురున్న నేల అలాస్కా రాష్ట్రానిది. నేలను ముక్కలు చేసి, తవ్వుకునే హక్కును రాష్ట్రం వేలం వేస్తుంది. కంపెనీలు సీల్డ్ కవర్లో బోనస్ రాసిస్తాయి. బోనస్ అంటే లీజు దక్కడానికి ముందే కట్టే సొమ్ము. 1969 సెప్టెంబరులో ఒక్కరోజు వేలంలోనే 90 కోట్ల డాలర్లు వచ్చాయి.

ఇప్పుడు కవరు మీ చేతిలో ఉందనుకోండి. ఆ ముక్క మీకు 100 విలువ చేస్తుంది. పక్కవాడు 70 రాస్తాడని మీ అంచనా, కాబట్టి మీరు 72 రాస్తారు. రేపు ఆ పక్కవాడే మీలో కలిసిపోయాడు. మిగిలిన చిన్న కంపెనీ 30 దాటదు. ఇక 72 ఎందుకు రాస్తారు? 32 చాలు. నేల అదే, కింద చమురూ అదే, ఖజానాకు మాత్రం 40 తగ్గింది.

“చౌకగా కొంటే చౌకగా అమ్ముతారు కదా” అని కంపెనీ లాయర్లు వాదించవచ్చు. బోనస్ విషయంలో ఆ వాదన నిలవదు. అది ముందే కట్టేసిన సొమ్ము. తర్వాత తోడే ఒక్కో పీపా ఖర్చు దాంతో మారదు. మిగిలింది కంపెనీ జేబులోకే.

2000 ఫిబ్రవరిలో మార్కెట్లో పోటీని కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 3–2 ఓటుతో ఈ విలీనంపై కోర్టుకెళ్లింది. ఆరోపణల్లో లీజు వేలాల పోటీ కూడా ఒకటి. చివరికి ఆర్కో అలాస్కా ఆస్తుల్ని ఫిలిప్స్ పెట్రోలియంకు అమ్మేలా రాజీ కుదిరింది. అంటే వేలంలో రెండో కవరు పెట్టేవాడు మళ్లీ వచ్చాడు.

ఇంటిపని: ఒక ముక్క విలువ ‘క’కు 90, ‘ఖ’కు 60, ‘గ’కు 55. ఇంకో ముక్క విలువ ‘క’కు 90, ‘ఖ’కు 60, ‘గ’కు 20. రెండూ ‘క’నే గెలుస్తుంది. ‘క’, ‘ఖ’ కలిస్తే ఏ ముక్క మీద రాష్ట్రం ఎక్కువ నష్టపోతుంది? గెలిచిన లీజుల వాటాతో కడితే హెచ్‌హెచ్‌ఐ ఎంత మారుతుంది? రెండో జవాబు చూసి లెక్క తప్పిందనుకుని కొట్టేయకండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.