వడ్లు రాకముందే చూసుకోండి: మిల్లు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ మార్చేవారికి

మిర్యాలగూడలో మిల్లు ఆఫీసులకు ఏడాదికి రెండుసార్లే తీరిక దొరుకుతుంది. యాసంగి లెక్కలు తేలాక ఆషాఢం, శ్రావణం. మళ్లీ సంక్రాంతి దాటాక ఓ నెల. కంప్యూటర్లలో ఏం మార్చాలన్నా ఈ రెండు సందుల్లోనే మార్చుకోవాలి. దసరాకి కొత్త సిస్టంలకు బొట్టు పెట్టి, అదే వారం కొత్త ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌తో ట్రక్ షీట్లు కొడదామనుకున్న సేట్లను చూశాను. లారీలు తూచే వేబ్రిడ్జి ముందు పది లారీలు నిలబడి ఉన్నప్పుడు "ఈ బటన్ ఎక్కడికి పోయింది?" అని వెతుక్కోవడం ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, ఆఫీస్ 2016, 2019లకు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 10కీ అదే రోజు. ఆఫీస్ 2021కి గడువు 2026 అక్టోబర్ 13. అక్టోబర్ అంటే సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం కోతలు మొదలయ్యే నెల. గడువు దాటిన రోజు వర్డ్, ఎక్సెల్ తెరుచుకోవేమోనని కొందరు భయపడుతున్నారు, అలా ఏం కాదు. ఎప్పటిలాగే తెరుచుకుంటాయి. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మందు రాదు. బ్యాంకు పేరుతో మెయిల్లో వచ్చే ప్రతి ఫైలునూ నొక్కి చూసే మన ఆఫీసుల్లో అది చిన్న విషయం కాదు.

కొనేముందు అందరూ కంపెనీ చూపించే డెమో చూస్తారు. డెమోలో అన్నీ బాగానే ఉంటాయి. మీరు చూడాల్సింది మీ ఫైళ్లు. అందులోనూ మీ ఆఫీసులో అన్నిటికన్నా మొండి ఫైలు ఏదో దాన్ని ముందు తెరవండి. మా దగ్గర అది సీఎంఆర్ షీటు, అంటే ప్రభుత్వం ఇచ్చిన వడ్లు మర పట్టి బియ్యంగా తిరిగిచ్చే లెక్క. క్వింటా వడ్లకు రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు చొప్పున ప్రభుత్వానికి ఎంత బాకీ, ఎంత పంపాం, ఎంత మిగిలింది అని లాట్ల వారీగా చూపించే షీటు. మాకంటే ముందు పనిచేసిన గుమస్తా అందులో మాక్రోలు, అంటే పనులు వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాంలు, రాసిపెట్టి వెళ్లాడు. గూగుల్ షీట్స్‌లో ఎక్సెల్ మాక్రోలు పనిచేయవు. వర్డ్, ఎక్సెల్ లాంటి పనులే చేసే లిబ్రే ఆఫీసులో కొన్ని పనిచేస్తాయి, కొన్ని పనిచేయవు. అందుకని మా దగ్గర ఆ షీటు చూసే ఒక్క సిస్టంకు డబ్బు పెట్టి ఎక్సెల్ ఉంచాం, మిగతావాటిలో లిబ్రే ఆఫీస్ వేశాం. ఆఫీసంతా ఒకటే సాఫ్ట్‌వేర్ ఉండాలని రూలేం లేదు. ఉత్తరాలు, గేట్ పాసులు కొట్టే కుర్రాడికి ఏటా కిరాయి కట్టే ప్యాకేజీ ఎందుకు?

లిబ్రే ఆఫీస్ ఉచితమే. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. కాకపోతే వేసిన రోజే టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్/సేవ్, జనరల్ దాకా వెళ్లి, ఫైళ్లు వర్డ్, ఎక్సెల్ రూపంలోనే సేవ్ అయ్యేలా పెట్టండి. లేకపోతే దాని సొంత రూపంలో సేవ్ అవుతుంది. హైదరాబాద్ నుంచి ఆడిటర్ ఫోన్ చేసి "ఇదేం ఫైలండీ" అంటాడు.

ఇక అంకెల సంగతి. నా మొదటి సీజన్‌లోనే దెబ్బ తగిలింది. హమాలీల కూలి బ్యాంకులో వేయడానికి ఖాతా నంబర్ల లిస్టు చేశాను. నంబరు కొట్టగానే మధ్యలో చుక్క, చివర ఈ ప్లస్ 15 అని ఏదో వచ్చింది. ఫార్మాట్ నంబర్ అని మార్చాను, మళ్లీ మామూలు అంకెలు కనిపించాయి. అయిపోయిందనుకుని పంపేశాను. మూడో రోజు పొద్దున ఒక హమాలీ వచ్చి టేబుల్ దగ్గర నిలబడ్డాడు. "సారూ, అందరి పైసలు పడ్డయి, నాయే పడలే." పాస్‌బుక్ తెమ్మని, పక్కన పెట్టి ఒక్కో అంకె చూస్తే చివరిది 7 ఉండాల్సిన చోట 0 ఉంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలనే నిలుపుకుంటుంది. పదహారో అంకె వస్తే సున్నా చేసేస్తుంది. ఒక హెచ్చరిక లేదు, ఎర్ర గీత లేదు. సున్నాతో మొదలయ్యే నంబర్లయితే ముందున్న సున్నాయే ఎగిరిపోతుంది. ఆ డబ్బు వెనక్కి వచ్చింది కాబట్టి బతికిపోయాను. ఇంకెవరి ఖాతాలోనో పడి ఉంటే నా జీతంలోంచే పోయేది.

ఇది ఎక్సెల్ ఒక్కదాని జబ్బు కాదు. లిబ్రే ఆఫీసులోనూ, గూగుల్ షీట్స్‌లోనూ పొడవాటి నంబర్లతో, ముందున్న సున్నాలతో ఇలాంటి తిప్పలే. కాబట్టి సాఫ్ట్‌వేర్ మారితే పోతుందని అనుకోవద్దు. ఖాతా నంబర్ల కాలమ్‌ను, ఒక్క అంకె కూడా కొట్టకముందే, ఫార్మాట్ సెల్స్‌లో టెక్స్ట్ అని పెట్టండి. కొట్టాక పెడితే పోయిన అంకె తిరిగి రాదు. బ్యాంకు నుంచి వచ్చే సీఎస్‌వీ ఫైళ్లను (కామాలతో విడదీసిన సాదా పట్టికలు) డబుల్ క్లిక్ చేసి తెరవకండి, సున్నాలు అక్కడే రాలిపోతాయి. ఇంపోర్ట్ చేసుకుని, ఆ కాలమ్ టెక్స్ట్ అని చెప్పండి. అలాగే పాత ఎక్సెల్ రూపంలో (.xls) ఉన్న ఫైళ్లకు 65,536 వరసలే. కొత్త రూపంలో (.xlsx) 10,48,576. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కరోనా కేసులు ఈ పాత రూపం వల్లే లెక్కలోకి రాకుండా ఆగిపోయాయి. మన వేబ్రిడ్జి డేటా అంత దూరం పోదు గానీ, పాత ఫైళ్లను కొత్త రూపంలోకి మార్చి పెట్టుకుంటే మంచిది.

తేదీలు కూడా చూసుకోండి. కొత్త సిస్టంలో రీజియన్ అమెరికా అని ఉంటే, 04/11 అని మీరు నవంబర్ 4 కొడితే అది ఏప్రిల్ 11 అనుకుంటుంది. పన్నెండున్నర లక్షలకు కామాలు కూడా మనలా పడవు. ముందే రీజియన్ ఇండియా అని మార్చండి.

తెలుగు దగ్గర చాలామంది బోల్తా పడతారు. మన ఆఫీసుల్లో పాత నోటీసులు, ఒప్పంద పత్రాలు అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్, అంటే ఏ సిస్టంలోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి, కావు. ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకని పాత సిస్టం తీసేయకముందే అవసరమైన తెలుగు పత్రాలన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. మళ్లీ మళ్లీ వాడేవాటిని యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చిపెట్టే ప్రోగ్రాంలు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర ఒకసారి కళ్లతో చూడక తప్పదు. కొనబోయే సాఫ్ట్‌వేర్‌లో "లక్ష్మి", "స్వాతంత్ర్యం", "మిర్యాలగూడ" అని కొట్టి, పీడీఎఫ్ చేసి, మీ ప్రింటర్ మీదే ప్రింటు తీయండి. తెర మీద బాగున్న ఒత్తు కాగితం మీద పక్కకు జరిగిందంటే ఇప్పుడే తెలియాలి.

గూగుల్, జోహో లాంటి ఆన్‌లైన్ ప్యాకేజీలు తీసుకునేవాళ్లు రెండు విషయాలు అడగండి. నెట్ లేకపోతే ఏంటి? రోడ్డు తవ్వి కేబుల్ తెంపడం మనకు కొత్త కాదు. ఆఫ్‌లైన్‌లో పనిచేసే సెట్టింగ్ ఉంటుంది, కానీ నెట్ ఉన్నప్పుడే ఆన్ చేసి పెట్టుకోవాలి. రెండోది, ఖాతా ఎవరి పేరు మీద? నాకు తెలిసిన ఒక కమీషన్ దుకాణంలో అన్నీ గుమస్తా సొంత జీమెయిల్‌లో నడిచాయి. అతను మంచి జీతానికి మహబూబ్‌నగర్ వెళ్లిపోయాడు. ఫైళ్లు తెరవాలంటే ఓటీపీ అతని ఫోన్‌కే. "అన్నా, డ్యూటీల ఉన్న, సాయంత్రం చెప్త" అనేవాడు పాపం, రోజూ సాయంత్రమే. అడ్మిన్ ఖాతా యజమాని నంబరు మీద ఉండాలి, రికవరీకి ఇంట్లో ఇంకొకరి నంబరు ఇవ్వాలి. గూగుల్ ఉచిత ఖాతాలో 15 జీబీయే, అదీ మెయిల్, ఫొటోలు, ఫైళ్లు అన్నిటికీ కలిపి. సేటు మనవడి వీడియోలతో అది నిండితే మిల్లు మెయిల్ రావడం ఆగుతుంది.

ఐదు వందలకు లైఫ్‌టైమ్ కీ ఇస్తామనేవాళ్లను నమ్మకండి. క్రాక్ చేసిందీ వద్దు. కాపీ ప్రోగ్రాం అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. కేసు సంగతి అటుంచండి, క్రాక్‌తో పాటు వచ్చే వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగితే సీజన్ మధ్యలో ఏం చేస్తారు? అసలుదే కొన్నా, హోమ్ అండ్ స్టూడెంట్ అని రాసి ఉన్నది వ్యాపారానికి కాదు. బిల్లు మీద ఆ మాట చూసుకోండి.

మీ మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకొకటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం దిద్దారో రికార్డయ్యే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. ఎక్సెల్‌లోనే పుస్తకాలు నడుపుతున్నవాళ్లు ఆడిటర్‌తో ఇప్పుడే మాట్లాడండి.

మార్చాక రెండు వారాలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపండి. రోజు చివర రెండింటిలో బస్తాల లెక్క కలవాలి. బ్యాకప్ హార్డ్ డిస్క్‌ను కాపీ అయ్యాక తీసి బీరువాలో పెట్టండి, సిస్టంకే తగిలించి ఉంచితే వైరస్ దాన్నీ వదలదు. ఇన్ని చేసినా గాలివానకు కరెంటు పోతే యూపీఎస్ ఓ అరగంట లాగుతుందేమో, లారీలు మాత్రం ఆగవు. అందుకే మా ఆఫీసులో ట్రక్ షీటు నమూనా కార్బన్ పుస్తకం ఒకటి ప్రింటు వేయించి కాంటా గదిలో మేకుకు వేలాడదీశాం. పోయిన సీజన్‌లో పదకొండు పేజీలు అయిపోయాయి.