కష్టంలో దేవుడు గుర్తొచ్చాడా? అక్కడి నుంచే మొదలుపెట్టండి

చర్చి మానేసి ఏళ్లయిపోయింది, ఇప్పుడు కష్టం వచ్చిందని ప్రార్థన చేయాలంటే మొహం చెల్లడం లేదు అంటారు చాలామంది. నాకూ అలాగే ఉండేది. నాన్నకి ఆపరేషన్ జరిగిన రాత్రి, ఆసుపత్రి వరండాలో స్టీల్ కుర్చీలో కూర్చుని ఫోన్ అటూ ఇటూ తిప్పుతుంటే, నాలుగేళ్ల తర్వాత నా నోట వచ్చిన ప్రార్థన ఒక్క మాటే: "ప్రభువా". మొదలుపెట్టడానికి అది చాలు.

తర్వాత బైబిల్లో రెండవ దినవృత్తాంతములు 33వ అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. మనష్షే 55 ఏళ్లు ఏలిన రాజు, దేవుని మందిరంలోనే విగ్రహం నిలబెట్టినవాడు, గొలుసులతో బంధించి బబులోనుకు తీసుకుపోయాక అక్కడ తనను తాను తగ్గించుకుని మొరపెట్టాడు, దేవుడు విన్నాడు. అంతటివాడి మొర విన్నవాడు మీది వినడా? తిరిగొచ్చాక ఆ విగ్రహాన్ని అతనే తీసేయించాడు. మీరూ అలాగే చేయండి: ఎగ్గొట్టిన అప్పో, మాటలు మానేసిన తమ్ముడో, ఏదో ఒక్కటి ఈ వారమే సరిచేయండి.

"నాన్న బతికితే వస్తాను" అని బేరం పెట్టొద్దు. ఇది నీ పాపానికి శిక్ష అని ఎవరైనా అంటే యోహాను 9వ అధ్యాయం చూడండి, పుట్టుగుడ్డివాడి విషయంలో యేసు ఆ మాటే కాదన్నారు.

ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నా సరే, వెళ్లండి. పాస్టర్ గారికి ముందురోజే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పండి, లేకపోతే గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగేస్తారు, నేను రెండుసార్లు అలా తిరిగాను.