కాంపాక్ట్ కెమెరానా, డీఎస్‌ఎల్‌ఆరా: కొనేముందు తేల్చుకోవలసిన సంగతులు

ఫొటోలు తీయడం మీద ఇష్టంతో మొదటిసారి మంచి కెమెరా కొనబోయేవారు దుకాణంలో ముందుగా అడిగేది "ఎన్ని మెగాపిక్సెళ్లు?" అని. నిజానికి అది అన్నిటికంటే చివర అడగవలసిన ప్రశ్న. 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉన్న ప్రింటును అంగుళానికి 300 చుక్కల చొప్పున చక్కగా వేయించాలంటే ఒక వైపు 3600, మరో వైపు 2400 పిక్సెళ్లు చాలు. మొత్తం కలిపితే 9 మెగాపిక్సెళ్లు కూడా కావు. పదేళ్ల కిందటి కెమెరాలలో కూడా అంతకు రెట్టింపు ఉన్నాయి. కాబట్టి ఆ లెక్కను పక్కన పెట్టి వెలుతురును ఫొటోగా మార్చే సెన్సర్ ఎంత పెద్దది, దాని ముందు ఏ లెన్స్ ఉంది, మీరు ఎక్కువగా ఫొటోలు తీసే చోట వెలుతురు ఎంత అన్న మూడు విషయాలు చూసుకోవాలి.

చిన్న కాంపాక్ట్ కెమెరాలలో ఎక్కువగా కనిపించే సెన్సర్ కొలత సుమారు 6.2 × 4.6 మి.మీ. మాత్రమే. చిటికెన వేలి గోరు మీద పెడితే గోరు ఇంకా మిగులుతుంది. లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగలిగే కెమెరా డీఎస్‌ఎల్‌ఆర్. నికాన్ డీ3500 వంటి తొలి మెట్టు డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ 23.5 × 15.6 మి.మీ. ఉంటుంది, అంటే విస్తీర్ణంలో దాదాపు 13 రెట్లు. మిగతా అమరికలన్నీ ఒకటే అయినప్పుడు పెద్ద సెన్సర్‌కు అందే మొత్తం వెలుతురు ఎక్కువ కనుక, మసక వెలుతురులో తీసిన ఫొటోలలో రంగు రంగు చుక్కలుగా కనబడే నాయిస్ తగ్గుతుంది. ఈ రెండింటికీ మధ్య "ఒక అంగుళం" సెన్సర్ అని పిలిచే తరగతి ఒకటి ఉంది. పేరు అలా ఉన్నా అది ఏ వైపు కొలిచినా అంగుళం రాదు, దాని కొలత 13.2 × 8.8 మి.మీ. 2012లో సోనీ ఆర్ఎక్స్100 ఈ సెన్సర్‌ను జేబులో పట్టే కెమెరాలో తెచ్చిన తరువాత కాంపాక్ట్ అన్న ఒక్క మాట కింద రెండు వేరు వేరు రకాలు చేరాయి.

ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. గోరంత సెన్సర్ ఉన్న కాంపాక్ట్ మీ చేతిలోని మంచి ఫోన్ కంటే పెద్దగా మెరుగైన ఫొటో ఇవ్వదు. దూరాన ఉన్నదాన్ని నిజంగా దగ్గరకు తెచ్చే ఆప్టికల్ జూమ్ అవసరమైతే తప్ప దాని మీద డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం. ఇక్కడి నుంచి కాంపాక్ట్ అన్నప్పుడల్లా ఒక అంగుళం సెన్సర్ ఉన్నదానినే ఉద్దేశిస్తున్నాను.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌తో పాటు పెట్టెలో వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం (అపర్చర్) ఎంత తెరిచినా వెడల్పు కోణంలో ఎఫ్/3.5 దగ్గర, జూమ్ చివర ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే ఆ రంధ్రం అంత పెద్దదని అర్థం. ఆర్ఎక్స్100 లెన్స్ వెడల్పు కోణంలో ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. ఎఫ్/3.5తో పోలిస్తే ఎఫ్/1.8 దగ్గర సెన్సర్ మీద పడే వెలుతురు తీవ్రత దాదాపు 3.8 రెట్లు. ఇటు డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్ విస్తీర్ణం ఒక అంగుళం సెన్సర్‌కు 3.2 రెట్లు. అంటే వెడల్పు కోణంలో, మసక వెలుతురులో, కిట్ లెన్స్ పెట్టిన డీఎస్‌ఎల్‌ఆర్‌కు పెద్ద సెన్సర్ వల్ల వచ్చిన లాభమంతా ఆ లెన్స్ దగ్గరే ఖర్చయిపోతుంది. అందుకే సలహా అడిగిన ప్రతివారినీ నేను తిరిగి అడిగేది ఒకటే: ఏడాదిలోపు రెండో లెన్స్ కొంటారా? కొనే ఉద్దేశం లేకపోతే చాలామందికి డీఎస్‌ఎల్‌ఆర్ మోత బరువే అవుతుంది.

రెండో లెన్స్ ఏం చేస్తుందో చూడటానికి బతుకమ్మ ఆటకు మించిన సందర్భం లేదు. పొద్దు వాలాక, వీధి దీపాల వెలుతురులో, ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ వలయంగా తిరుగుతుంటారు. చేతులు, కొంగులు చెదరకుండా రావాలంటే షట్టర్ స్పీడు కనీసం సెకనులో 125వ వంతు ఉండాలి. దీపాల దగ్గరి వెలుతురులో కిట్ లెన్స్‌ను ఎఫ్/5.6 వద్ద వాడితే ఐఎస్ఓ 3200 దాకా పెంచవలసి రావచ్చు. ఐఎస్ఓ అంటే తక్కువ వెలుతురులోనూ ఫొటో వెలుగుగా వచ్చేలా కెమెరాలో పెంచే అమరిక, అది పెరిగేకొద్దీ నాయిస్ పెరుగుతుంది. అదే చోట 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే వెలుతురు దాదాపు పది రెట్లు లోపలికి వస్తుంది కనుక ఐఎస్ఓ 400తో పని జరుగుతుంది, పట్టుచీర జరీ గీతలు గీతలుగా నిలుస్తుంది. అయితే ఎఫ్/1.8 దగ్గర ఒక ముఖం మీద ఫోకస్ పెడితే వెనకవాళ్లు మసకబారతారు. కాబట్టి ఎవరిని తీస్తున్నారో ముందే నిర్ణయించుకోవాలి. కాంపాక్ట్‌తో అయితే వలయానికి దగ్గరగా వెళ్లి జూమ్ చేయకుండా తీయండి. ముఖాల కోసం జూమ్ చేస్తే ఆర్ఎక్స్100 లెన్స్ కూడా చివరకు ఎఫ్/4.9కి దిగిపోతుంది.

నికాన్ కొనేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. డీ3000, డీ5000 వరుసల కెమెరాలలో లెన్స్‌ను తిప్పే ఫోకస్ మోటారు ఉండదు. చవకగా దొరుకుతుందని పాత ఏఎఫ్-డీ రకం 50 మి.మీ. లెన్స్ కొంటే ఆటోఫోకస్ పనిచేయదు, చేత్తో తిప్పుకోవలసిందే. మోటారు తనలోనే ఉన్న ఏఎఫ్-ఎస్ రకం తీసుకోండి.

కదలని వస్తువుల దగ్గర లెక్క మారిపోతుంది. లేపాక్షి వీరభద్రస్వామి ఆలయంలో మండపం పైకప్పు మీద విజయనగర కాలపు చిత్రాలున్నాయి. అక్కడ వెలుతురు తక్కువ, పురాతన చిత్రాల మీద ఫ్లాష్ కొట్టడం తగదు, పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాలలో ముందుగా అనుమతి లేకుండా ట్రైపాడ్ వాడనివ్వరు. కానీ పైకప్పు కదలదు. భుజాన్ని స్తంభానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, చేతి వణుకును సర్దే స్టెబిలైజర్ ఉన్న కాంపాక్ట్‌తో ఎఫ్/1.8 వద్ద సెకనులో 15వ వంతుకు మూడు నాలుగు ఫొటోలు తీస్తే ఒకటైనా చెదరకుండా వస్తుంది. చిత్రమంతా ఒకే తలంలో ఉంటుంది కనుక, కెమెరాను దానికి సమాంతరంగా పట్టుకుంటే అపర్చర్ పూర్తిగా తెరిచినా అంచుల దాకా ఫోకస్ నిలుస్తుంది. గుళ్లు, కోటలు, కుటుంబంతో ప్రయాణాలు మీ ఇష్టమైతే కాంపాక్ట్ చాలు.

పక్షులు మీ ఇష్టమైతే మరో ఆలోచన వద్దు, డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకోండి. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూళ్లకు వాలే గూడబాతును తీయాలంటే కనీసం 300 మి.మీ. లెన్స్ కావాలి. డీ3500 వంటి కెమెరా సెన్సర్ మీద అది, అంతకంటే పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై 450 మి.మీ. లెన్స్ చూపినంత దగ్గరగా చూపిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, అద్దం మీదుగా వ్యూఫైండర్‌లో కనబడేది అసలు దృశ్యమే కనుక ఎండ కళ్లలో కొడుతున్నా, రెక్క విప్పిన పక్షి వెంట కెమెరా తిప్పుతున్నా దృశ్యం ఆలస్యం కాదు. కాంపాక్ట్ తెర మిట్టమధ్యాహ్నపు ఎండలో సరిగా కనబడదు. బ్యాటరీ కూడా చూసుకోండి. కెమెరా కంపెనీల సంఘం సీఐపీఏ ప్రమాణం ప్రకారం డీ3500 ఒక చార్జింగుతో 1550 ఫొటోలు తీస్తుంది, మొదటి ఆర్ఎక్స్100 తీసేది 330.

బరువు మాట తేలికగా తీసుకోవద్దు. డీ3500కు 18-55, 70-300 లెన్సులు కలిపితే సంచితో సహా కిలో దాటుతుంది. ఆర్ఎక్స్100 బరువు 240 గ్రాములు. ఇంట్లో బీరువాలో ఉన్న పెద్ద కెమెరా కంటే జేబులో ఉన్న చిన్న కెమెరాతోనే ఎక్కువ ఫొటోలు వస్తాయి. ఇది మీ అలవాటును బట్టి మీరే నిజాయితీగా తేల్చుకోవాలి.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీ మెమరీ కార్డు తీసుకువెళ్లండి. గాజు అద్దాల పక్కన కాకుండా, లోపల ట్యూబ్‌లైటు కింద ఒక మూలన, తోడు వచ్చిన మనిషిని నడిచి రమ్మని, రెండు కెమెరాలతోనూ సెకనులో 125వ వంతు స్పీడుకు తీయండి. ఐఎస్ఓను కెమెరాకే వదిలి, అది ఎంత దాకా పోయిందో చూసుకోండి. షట్టర్ మీటను సగం నొక్కి ఫోకస్ కుదిరాక పూర్తిగా నొక్కడం, నొక్కిన క్షణానికీ ఫొటో పడిన క్షణానికీ తేడా ఎంతో గమనించడం అక్కడే చేయాలి. నిర్ణయం మాత్రం ఇంటికి వచ్చి, ఆ ఫొటోలను కంప్యూటర్‌లో అసలు పరిమాణంలో చూసిన తరువాతే తీసుకోండి.

2018లో నికాన్, కెనాన్ రెండూ అద్దం లేని ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల (మిర్రర్‌లెస్) బాట పట్టాక డీఎస్‌ఎల్‌ఆర్‌ల మీద కంపెనీల శ్రద్ధ తగ్గింది. దీనివల్ల ఔత్సాహికులకు మేలే జరిగింది, మంచి బాడీలు, లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకు వస్తున్నాయి. కొనేముందు షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూపించమనండి. డీ3500 షట్టర్‌ను కంపెనీ లక్ష సార్లకు పరీక్షించింది, కాబట్టి ఆ అంకెకు దగ్గరపడినదాన్ని వదిలేయండి. అపర్చర్ ఎఫ్/16కు మూసి తెల్ల గోడను తీస్తే సెన్సర్ మీది దుమ్ము నల్ల మచ్చలుగా బయటపడుతుంది. తరువాత లెన్స్ వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటి సన్నని గీతలు కనబడితే అది ఫంగస్, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. ఒక వర్షాకాలమంతా తోలు సంచిలో ఉంచేయడం వల్ల నా కిట్ లెన్స్‌కు ఇదే పట్టింది. శుభ్రం చేయించినా గాజు పూత మీద మచ్చ పోలేదు. కోస్తా ఊళ్లలో ఉండేవారికి ఈ బెడద మరీ ఎక్కువ. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి, లోపలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. సిలికా జెల్ నీలి గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండినట్టు, వాటిని వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వేసుకోవచ్చు.