అసాధ్య త్రిభుజం గీయడం ఎలా?

మూడు చెక్క దిమ్మెలను లంబకోణంలో ఒకదాని కొసకు ఒకటి అతికిస్తూ పోతే, మూడోది వచ్చి మొదటిదాన్ని తాకదు. కాగితం మీద మాత్రం తాకించవచ్చు. స్వీడన్ చిత్రకారుడు ఆస్కార్ రాయిటర్స్‌వార్డ్ 1934లో తొమ్మిది ఘనాలతో ఇలాంటి బొమ్మ గీశారు. 1958లో లయొనెల్, రోజర్ పెన్‌రోజ్ అనే తండ్రీకొడుకులు విడిగా ఇదే ఆలోచనతో వ్యాసం రాశాక, దీనికి పెన్‌రోజ్ త్రిభుజం అన్న పేరు వచ్చింది.

పెన్సిల్, స్కేలు, కోణమానిని చాలు. సమబాహు త్రిభుజాల అమరికలో చుక్కలుండే ఐసోమెట్రిక్ కాగితం దొరికితే పని ఇంకా తేలిక.

1. కాగితం మధ్యలో 3 సెం.మీ. భుజాలతో సమబాహు త్రిభుజం గీయండి. ఇది లోపలి ఖాళీ.

2. గడియారం ముల్లు తిరిగే దిశలో వెళ్తూ, ప్రతి భుజాన్నీ దాని చివరి మూల దాటించి 1 సెం.మీ. పొడిగించండి. ఒక్క కొసనే పొడిగించాలి. బొమ్మ గాలిమరలా కనిపిస్తే సరిగ్గా వచ్చినట్టే.

3. ప్రతి కొస నుంచి, తర్వాతి భుజానికి సమాంతరంగా, అదే దిశలో 6 సెం.మీ. గీత గీయండి.

4. ఆ గీత చివర బయటి వైపుకి, 60 డిగ్రీల కోణంలో వెనక్కి మళ్లేలా 1 సెం.మీ. చిన్న గీత పెట్టండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. తొందరపడకండి.

5. ప్రతి చిన్న గీత కొసనూ వెనక మూలలో ఆగిన పొడవు గీత చివరతో కలపండి. ఈ గీత సరిగ్గా 7 సెం.మీ. రావాలి. రాకపోతే ఎక్కడో కోణం తప్పింది.

ఇక రంగులు. మూల తిరిగి వెళ్లే మూడు ముఖాలు కనిపిస్తాయి. ఒకటి లేతగా, ఒకటి మధ్యస్థంగా, మూడోది ముదురుగా నింపండి. ఒక్కో ముఖమంతా ఒకే రంగు ఉండాలి. నేల మీద నీడ మాత్రం వేయొద్దు. నీడ పడితే ఏ దిమ్మె ముందుంది, ఏది వెనక ఉందన్నది బయటపడిపోయి మాయ చెదిరిపోతుంది.

దూరంగా ఉన్నది చిన్నగా కనబడాలన్న మామూలు నియమాన్ని ఇక్కడ పక్కన పెట్టాం. దిమ్మెలన్నీ ఒకే మందం కాబట్టి దూరం ఎంతో చెప్పే ఆధారం కంటికి దొరకదు. అందుకే కన్ను ఒక్కో మూలనీ విడిగా నమ్మేస్తుంది. డచ్ చిత్రకారుడు ఎషర్ 1961లో చేసిన ‘జలపాతం’ చిత్రంలో నీళ్లు కిందికి పారుతూనే మళ్లీ పైకి చేరేది కూడా ఈ త్రిభుజం వల్లే.

పూర్తయ్యాక ఒక మూలను వేలితో మూసి చూడండి. మిగిలింది మామూలు చెక్క చట్రంలా, ఎవరైనా తయారు చేయగలిగేలా ఉంటుంది. వేలు తీయండి.