స్టీరియోకు అడాప్టర్ తగిలించే ముందు

పిన్ను పట్టింది కదా అని చేతికందిన అడాప్టర్‌ను స్టీరియోకు పెట్టకండి. అదే పిన్నుతో 5 వోల్టులవీ వస్తాయి, 24 వోల్టులవీ వస్తాయి.

ముందు సెట్టు వెనకా, సెల్స్ వేసే అరలోనూ చూడండి. డీసీ ఎన్ని వోల్టులో, ప్లగ్గు నడిమి భాగం ప్లస్సో మైనస్సో మామూలుగా అక్కడే ఉంటుంది. అచ్చు చెరిగిపోతే సెల్స్ లెక్కపెట్టండి. 1.5 వోల్టులవి వరుసగా 6 పడితే 9 వోల్టులు, 8 పడితే 12, 10 పడితే 15. గడియారం కోసం విడిగా వేసే చిన్న సెల్స్‌ను ఇందులో కలపకూడదు.

వోల్టుల దగ్గర రాజీ పడొద్దు. బరువుగా ఉండే పాతరకం ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ మీద 12 అని ఉన్నా, లోడు లేనప్పుడు 16, 17 వోల్టులు ఇవ్వగలదు. సెట్టులో 16 వోల్టుల వరకే తట్టుకునే కెపాసిటర్లు ఉంటే అవి ఉబ్బవచ్చు, యాంప్లిఫయర్ ఐసీ (శబ్దాన్ని పెంచే చిప్) కాలిపోవచ్చు. అందుకే లోడు ఉన్నా లేకున్నా వోల్టులు మారకుండా ఇచ్చే రెగ్యులేటెడ్ అడాప్టరే తీసుకోండి.

ఆంపియర్లు ఎక్కువైతే భయం లేదు, సెట్టు తనకు కావలసినంతే లాక్కుంటుంది. 12 వోల్టుల సెట్టు 20 వాట్లు తీసుకుంటుందంటే 20ని 12తో భాగించండి: సుమారు 1.7 ఆంపియర్లు. 2 గానీ 2.5 గానీ ఇచ్చే అడాప్టర్ కొనండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే పీఎంపీఓ వాట్లను (అమ్మకం కోసం పెంచి చూపే అంకెను) ఈ లెక్కలోకి తేవద్దు. ఆంపియర్లు చాలకపోతే బాస్ పడినప్పుడల్లా పాట బొంగురుపోతుంది, డిస్‌ప్లే మసకబారుతుంది, సీడీ మధ్యలో ఆగుతుంది, అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది ప్లస్ మైనస్‌ల దగ్గర. నడిమి భాగం మైనస్‌గా ఉండే పాత సెట్లు చాలానే ఉన్నాయి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబు ప్లగ్గు రంధ్రంలోనూ నల్లది బయటి లోహం మీదా ఆనించండి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే నడిమి భాగం మైనస్. రెండు ప్రోబులూ ఒకదానికొకటి తగిలితే షార్టవుతుంది, జాగ్రత్త. అడాప్టర్ మీద అవుట్‌పుట్ పక్కన అల గీత ఉంటే అది ఏసీ ఇచ్చేది, పక్కన పెట్టేయండి. తిరగేసి ఇచ్చిన కరెంటును ఆపే డయోడ్ అన్ని సెట్లలోనూ ఉండదు.

పిన్ను కొలతల్లో 5.5 మి.మీ. బయటి వ్యాసం ఒకటే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.5 ప్లగ్గు 2.1 సాకెట్‌లో దూరుతుంది కానీ వదులుగా ఉండి కదిలినప్పుడల్లా కరెంటు తెగుతుంది.

సెల్స్ తీసేశాకే అడాప్టర్ పెట్టండి. చాలా సాకెట్లలో ప్లగ్గు దూరగానే సెల్స్‌ను విడదీసే స్విచ్ ఉంటుంది. అది అరిగిపోతే బయటి కరెంటు ఛార్జి చేయకూడని మామూలు సెల్స్‌లోకి ఎక్కి అవి కారతాయి, పగలనూవచ్చు. సెల్స్ టెర్మినళ్లకు నేరుగా వైర్లు తగిలిస్తే ఆ స్విచ్ రక్షణ అసలే ఉండదు.

12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీతో నడిపితే ప్లస్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా 3 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ఛార్జింగ్‌లో అది 14 వోల్టులు దాటుతుంది కాబట్టి అప్పుడు సెట్టు వైర్లను బ్యాటరీ నుంచి తీసేయండి.

అడాప్టర్ పెట్టాక ఏఎం రేడియోలో మాత్రమే గుయ్యిమంటుంటే అది చాలాసార్లు స్విచింగ్ అడాప్టర్ (తేలికగా ఉండే కొత్తరకం) గోలే. దాన్ని దూరంగా జరిపి, వైరుకు ఫెరైట్ పూస (ఇలాంటి గోలను తగ్గించే నల్లటి గొట్టంలాంటి ముక్క) తొడిగి చూడండి. తగ్గకపోతే రేడియో వినేటప్పుడు సెల్స్‌తోనే నడపండి.